నాలుగక్షరాల ఓటు

జపాను దేశపు ఎచిగో కొండల్లో కౌలు సేద్యం చేసుకునే ఇసాబురోకు నలభై ఆరో ఏట చదువు మీద మనసు పుట్టింది. అదీ నాలుగక్షరాల మేరకే. పన్ను కట్టే ఆసాములకే ఉన్న ఓటును ఇక పేదవాడికీ ఇస్తున్నామని సర్కారు వారు చాటారు. కొత్త చక్రవర్తి గద్దెనెక్కిన మరుసటి ఏడది. అయితే చీటీ మీద అభ్యర్థి పేరు ఎవరికి వారే రాయాలి. కౌలుదార్ల సంఘం నిలబెట్టబోయే మనిషి తొకునాగ. సంఘం వాళ్ళు ఆ పేరు ఓ కాగితం మీద రాసిచ్చారు.

రోజూ పొలం నుంచి రాగానే పొయ్యిలో బూడిద చదును చేసి, ఇనప పుల్లతో దిద్దేవాడు. భార్య ఫుయు పక్కనే ముల్లంగి తరుగుతూ ఎగతాళి చేసేది.

"ఏమయ్యా, అది అక్షరమా, కొడవలా?"

"నోరు మూసుకోవే. ఈ చేత్తోనే భూస్వామి మనిషిని ఓడిస్తా చూడు."

"ఆడదాన్ని, నాకెలాగూ ఓటు లేదు. నా పేరైనా నేర్చుకోరాదూ? రెండక్షరాలేనట."

"ముందు ఓటు కానీ. నీ పేరెక్కడికి పోతుంది?"

కోతల నాటికి ఫుయు దగ్గుతో మంచం పట్టింది. జ్వరం తగ్గలేదు. ఊరి కచేరీ గుమాస్తా నిషివాకి తనే ఇంటిదాకా వచ్చాడు. మంచివాడే పాపం.

"ఇసాబురో, ఈ కాగితం మీద నీ ముద్ర వెయ్యి. ఊరి ఖర్చుతో పట్నం డాక్టరు వస్తాడు. కాకపోతే..."

"కాకపోతే ఏంటి బాబుగారూ?"

"బీదల సాయం తీసుకున్నవాడికి ఓటు లేదు. జాబితాలో నీ పేరు కొట్టెయ్యాలి. చట్టం అలా ఏడిసింది."

పేదవాడికి ఓటిచ్చి, పేదవాణ్ణని ఒప్పుకోగానే లాక్కునే చట్టం! అది రాసిన మహానుభావుల ఇళ్ళలో ఎవరూ దగ్గి ఎరగరు కాబోలు.

ఇసాబురో "వచ్చే నెలకు లేచి తిరుగుతుంది లెండి" అని కాగితం తిరిగిచ్చేశాడు.

లోపలికి వెళితే ఫుయు అడిగింది. "డాక్టరు గురించేనా?"

"ఆఁ. ఊళ్ళో అంత డబ్బు లేదట."

ఆమె నమ్మింది. "పోనీలే. వెళ్ళి నీ అక్షరాలు దిద్దుకో" అని గోడవైపు తిరిగి పడుకుంది. అబద్ధమాడిన నోటితో ఇసాబురో ఆ పూట గంజి కూడా తాగలేకపోయాడు. అయినా నిషివాకి వెనక పరిగెత్తలేదు.

మొదటి మంచు పడ్డ వారానికే ఫుయు పోయింది. సమాధి దగ్గర పాతిన కొయ్య మీద గుడి సన్యాసి ఏవో అక్షరాలు రాశాడు. వాటిలో ఆమె పేరు ఎక్కడుందో ఇసాబురోకు తెలియలేదు.

ఫిబ్రవరిలో ఎన్నికల రోజున నడుముల్లోతు మంచులో ఓట్లు వేయించే బడికి నడిచి, పోలీసు కళ్ళెదుటే నాలుగక్షరాలూ రాసి వచ్చాడు. భూస్వామి మనిషే గెలిచాడు. తొకునాగ దరిదాపుల్లోకి కూడా రాలేదు.

మర్నాడు ఇసాబురో కచేరీకి వెళ్ళాడు. నిషివాకి టీ పోసి ముందు పెట్టాడు.

"బాబుగారూ, ఫుయు పేరెలా రాస్తారు?"

గుమాస్తా కుంపటి బూడిదలో రెండక్షరాలు గీశాడు. ఇసాబురో పుల్ల అందుకుని కింద తనూ గీశాడు. ఎక్కడా తప్పు పోలేదు.

"అంతేనా?"

"అంతే."

నాలుగక్షరాలకు ఏడాది పట్టింది. ఈ రెండింటికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.