సహనం కోసం ప్రార్థన

తొంభైల చివర, నేను ఆబిడ్స్‌లో కంప్యూటర్ నేర్చుకుంటున్న రోజులు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉండేవాళ్లం. మా చర్చి స్త్రీల కూడిక ప్రతి శుక్రవారం మా ఇంట్లోనే. పాటయ్యాక అమ్మ ఒక్కొక్కరినీ ప్రార్థన అంశం అడిగేది. కొడుకు పరీక్ష, మోకాళ్ల నొప్పి, కిరాయి ఇల్లు, అన్నీ కందిపప్పు ధరతో సహా విడమరిచి చెప్పేవాళ్లు. మొగుడు కొడితే మాత్రం "ఇంట్లో సమాధానం కోసం" అనాలి, అంటే శాంతి కోసమని. అంతకంటే విప్పి చెప్పడం మర్యాద కాదు. అందరికీ అర్థమయ్యేది. "ఆమెకు సహనం దయచేయి తండ్రీ" అని కళ్లు మూసుకునేవాళ్లం.

పక్కింటి అక్క ప్రతి వారం సమాధానమే అడిగేది. దవడ కమిలి ఉన్నా కొంగు కప్పుకుని పాట ఎత్తుకునేది. శ్రుతి తప్పేది కాదు.

ఒక శుక్రవారం ఆమె రాలేదు. ఆ పొద్దున మొగుడు కొట్టిన దెబ్బలకు, దవాఖానకు చేర్చేలోపే పోయిందట. అతణ్ణి పోలీసులు తీసుకుపోయారు.

జ్ఞాపకార్థ కూడికలో ఒకరి తర్వాత ఒకరు లేచి ఆమె ఓపికను పొగిడారు. ఏనాడూ నోరెత్తలేదన్నారు. నాకు ఒళ్లు మండింది. ఏ ఓపిక ఆమెను చంపిందో దానికే దండ వేస్తున్నారు. చివరికి మెదక్ నుంచి వచ్చిన ఆమె తల్లి లేచింది. గొంతు పెంచలేదు.

"వారం వారం నా బిడ్డకు సహనమియ్యమని ప్రార్థన చేసిన్రంట గదా. దేవుడు విన్నడు, ఇచ్చిండు. గిప్పుడేం అడుగుతరు?"

ఎవరూ ఆమెన్ అనలేదు.

తర్వాతి శుక్రవారం, కొత్తగా పెళ్లై మా గల్లీకి వచ్చిన పిల్ల తల వంచుకుని "ఇంట్ల సమాధానం కోసం" అంది. అలవాటు చొప్పున అందరూ కళ్లు మూసుకున్నారు. అమ్మ మూసుకోలేదు.

"కండ్లు తెరువున్రి," అంది అందరితో. తర్వాత పిల్ల వైపు తిరిగింది. "ఎవరు కొడుతున్నరు బిడ్డా?"

పిల్ల తల ఎత్తింది. "మా ఆయన. ఇంటికి పోవాల్నంటే భయమైతుంది ఆంటీ."

"అయితే పోకు. గీడనే ఉండు. ఆయన వస్తే మేం మాట్లాడ్తం."

ఆ రోజు ఎవరూ ఇళ్లకు పోలేదు. సాయంత్రం అతను వచ్చేసరికి మా గుమ్మం నిండా ఆడవాళ్లే. అమ్మ పాట ఎత్తింది, పక్కింటి అక్క ఎత్తుకునే పాటే. శ్రుతి ఘోరంగా తప్పింది. ఒక్కరం కూడా కళ్లు మూయలేదు.