అగ్గి పెట్టి చూడని పోగు

బి.ఏ. పాసైన! నాంపల్లి టేషన్ ముంగట పేపర్ల నా నంబర్ చూసిన. మల్ల చూసిన. నమ్మబుద్ది కాక పక్కన నిలబడ్డ హమాలీకి గూడ చూపిచ్చిన. పాపం ఆయనకు చదువు రాదు, అయినా "ఔ, ఉన్నది" అన్నడు.

మేం గొర్రెలు కాసి, గొంగళ్ళు నేసి బతికినోళ్ళం. మా ఇంట్ల సంతకం పెట్టెటోడే లేకుండె. గసుంటి ఇంటి పిలగాడు బి.ఏ. అయిండంటే ఎవలికన్న చెప్పకపోతే పాణం ఆగుతదా? నాయిన, అవ్వ ఊర్లున్నరు. దగ్గరున్నది మామనే. ఆబిడ్స్ దాక ఉరికిన.

మామ అంటే నన్ను కన్న అవ్వకు సొంత తమ్ముడు. ఆబిడ్స్‌ల ఒక పెద్ద గుడ్డల దుకాణంల పనిచేస్తుండె. నాంపల్లిల ఆయన కిరాయి ఇంట్లనే నాలుగేండ్లు ఉండి చదువుకున్న. గుడ్డ గురించి నాకు నేర్పింది గూడ మామనే. ఐతారం వచ్చిందంటే దుకాణం ముక్కలు చాప మీద పరిచి కూసునెటోడు. లట్టా అగ్గువ గుడ్డ, గంజితోని బిర్రుగ నిలబడ్తది, ఒక్కసారి ఉతికితె దాని బండారం బయటపడ్తది. పాప్లిన్‌ల పోగులు దగ్గరదగ్గరగ ఉంటయి, అందుకే గంత నున్నగుంటది. డ్రిల్లుది ఏటవాలు నేత, ప్యాంట్లకు మంచిది. గదే ఏటవాలు నేత ఊలుతోని నేస్తె సర్జ్, కోట్లకు. నిజాం రాజ్యం పోయినంక షేర్వానీ గుడ్డ అడిగెటోళ్ళు తగ్గిన్రు, అందరికి కోటే కావాలె.

"కండ్లు మోసపోతయి అల్లుడా, అగ్గి మోసపోదు" అనుకుంట మామ ఒక పోగు గుంజి అగ్గిపుల్లతోని అంటిచ్చెటోడు. కాయిదం కాలిన వాసనొస్తె నూలు. ఎంటికలు కాలిన వాసనొస్తె ఊలన్న కావాలె, పట్టన్న కావాలె.

గా దినం దుకాణంల కాలు పెట్టంగనే "మామా, పాస్!" అని ఒర్రిన. చీర బేరం చేస్తున్న ఒకామె దడుసుకున్నది. మామ గజంకట్టె పక్కన పడేసి నన్ను గట్టిగ పట్టుకున్నడు.

"ఇగ నీ కోటు నాది అల్లుడా! అసలు ఊలు సర్జ్. కాన్వొకేషన్‌ల నీ పక్కన కూసున్నోడు కుళ్ళి సావాలె."

తెల్లారి బస్సెక్కి ఊరికి పోయిన. అవ్వ ఏడ్సింది. నాయిన లోపలికి పోయి ఒక మూట తెచ్చిండు. విప్పితె నల్లటి ఉన్ని. గొర్రెపిల్లలకు మొదటిసారి కత్తిరిచ్చిన ఉన్ని. దానికంటె మెత్తటిది మల్ల రాదు. నాలుగేండ్ల సంది పిడికెడు పిడికెడు దాపెట్టిండట.

"అవ్వ సన్నగ వడుకుతది బిడ్డా. నీ కోటుకు నేను నేస్త."

"గొంగడి గుడ్డతోని కోటా నాయినా? అందరు నవ్వుతరు. మామ అసలు ఊలు ఇస్తండు."

అసలు ఊలు! ఉన్ని మూట ముంగట కూసోని గా మాటన్న. నాయిన మూట మల్ల కట్టిండు.

కాన్వొకేషన్‌కు వారం ముందుగాల నాయిన పట్నమొచ్చిండు. సంకల ఒక గొంగడి ఉన్నది. మామ చేతుల పెట్టి, "నా కొడుకును కడుపుల పెట్టుకొని సాదినవు. నాతానున్నది గిదే" అన్నడు. చూడంగనే ఎరుకైంది, అది నా కోటు ఉన్ని.

మామ గూడ నవ్వుకుంట కోటు గుడ్డ తెచ్చి నాయిన ముంగట పరిచిండు.

"చూడు బావా, అసలు సరుకు. ఏమల్లుడా, అగ్గి పెట్టి చూస్తవా?"

"ఏం మాట మామా! మేనమామ పెట్టే బట్టకు అగ్గి పెడ్తరా ఎవలన్న?"

నాయిన గుడ్డ అంచును రెండు వేళ్ళ నడుమ పట్టుకొని రాసిండు. జరసేపు రాసిండు. "మంచిగున్నది" అన్నడు.

నాంపల్లి దర్జీ వారం లోపట కుట్టిండు. కాన్వొకేషన్ ముందటి దినం తీస్కపోను పోతే, "ఠైరో సాబ్, జర ఆగు, ఇస్త్రీ ఎంత గరం పెట్టాల్నో చూస్త" అని లోపలి కుట్టుకాడ ఒక పోగు గుంజి అంటిచ్చిండు.

కాయిదం వాసన.

"ఊలు ఏడున్నది సాబ్ గిండ్ల? పక్కా నూలు. పైన నూగు లేపిన్రు, అంతే. దుకాణపోళ్ళకు ఇది తెల్వకుండ ఉండదు."

ఆయన చేతులకెల్లి అగ్గిపెట్టె తీస్కొని నేనే ఇంకో పోగు అంటిచ్చిన. ఇంకోటి. మూడోది. మామ నేర్పిన ముక్కు నాది, ఎట్ల తప్పు చెప్తది?

నాతోని వచ్చిన నాయిన టేషన్ ముంగట బెంచీ మీద కూసోని బీడీ తాగుతున్నడు. కోటు ఆయన ఒళ్ళ పడేసిన.

"పుట్టినకాడికెల్లి ఉన్నితోనే ఉన్నవు. నీకు తెల్వదా ఇది?"

"చెయ్యి పెట్టంగనే ఎరుకైంది."

"మరెందుకు చెప్పలె?"

"నా ఉన్ని వద్దంటివి. గప్పుడు చెప్తే కడుపుమంటతోని చెప్తున్న అనుకుందువు." బీడీ కింద పారేసి కోటు మెల్లగ మడత పెట్టిండు. "ఇంకోటి... నాలుగేండ్లు వాని ఇంట్ల బువ్వ తిన్నవు బిడ్డా."

తెల్లారి గదే కోటు తొడుక్కొని పోయిన. పైన నల్ల గౌను ఏసిన్రు, లోపల ఏమున్నదో ఎవలికి కానరాలె. పట్టా చేతికొచ్చింది. వెనుక వరుసల నాయిన లేచి నిలబడ్డడు, కూసోమని ఎవలో అంటున్నా వినకుండ. దీంట్ల అబద్దం లేదు, సంతోషపడ్డ. కానీ గౌను ఇప్పి ఇచ్చేసినంక ఒంటి మీద గా కోటే మిగిలింది.

పొద్దుగూకకముందే నా పెట్టె తెచ్చుకుందామని మామ ఇంటికి పోయిన. పక్కింటాయన వచ్చి కూసున్నడు. ఆయనొక దిక్కు, మామొక దిక్కు గొంగడి నాలుగు మూలలు పట్టుకున్నరు, నడుమ చెంబెడు నీళ్ళు నిలిచున్నయి. కింద ఒక్క సుక్క పడలె.

"చూసినవా? మా బావ నేసిండు" అంటున్నడు మామ. "ఊలంటే గిట్లుండాలె. నా చెయ్యికి అసలేదో నకిలేదో ఇట్టె ఎరుకైతది." నన్ను చూసి, "రా అల్లుడా, రా! పట్టా ఏది, చూపియ్యి!" అన్నడు.

పట్టా చూపిచ్చిన. పెట్టె తీసుకున్న. కోటు ఇప్పి దర్వాజ పక్క గోడకున్న మొలకు తగిలిచ్చి బయటికొచ్చిన.

గల్లీ మలుపు దాక పోయినంక మామ కేక ఇనవడ్డది.

"ఓ అల్లుడా! కోటు మరిచినవ్ రా!"

ఎనుకకు మల్లి చూడలె.