రెండు పాయల మధ్య ఊరు

మా నాన్నకు మాకంటే ముందు ఒక కుటుంబం ఉండేది. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. డెబ్భై ఏడు ఉప్పెనలో ముగ్గురూ పోయారు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవారు కాదు. దివిసీమలో సముద్రం వారనున్న చేపలు పట్టేవాళ్ళ పల్లె వాళ్ళది. ఉప్పెన తర్వాత ఆయన మళ్ళీ పడవ ఎక్కలేదు. బందరు వచ్చేసి, చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలకు మెరుగు పెట్టే పనిలో కుదిరి, తర్వాత మా అమ్మను చేసుకున్నారు. ఆ పల్లె పేరేమిటో కూడా నేను పెద్దవాణ్ణయ్యేదాకా నాకు తెలియదు.

తెలిసింది మ్యాపుల వల్ల. రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతంలో నేను ఒక ఇంజినీరు గారి దగ్గర కంప్యూటర్ మీద ఇళ్ళ ప్లాన్లు గీసేవాణ్ణి. ఎవరి ఊరి దారులు వాళ్ళే గీసి పెట్టే మ్యాపు ఒకటి నెట్‌లో ఉందని అప్పుడే విన్నాను. తెరిచి చూస్తే పామర్రు నుంచి బందరు వచ్చే రోడ్డు ఒక్క గీత. గుడివాడ ఒక చుక్క. అవనిగడ్డ దిగువన ఏమీ లేదు, తెల్లకాగితం. ఆ ఖాళీ చూసి ఊరుకోలేకపోయాను. పాత జీపీఎస్ ఒకటి సంపాదించి, సెలవు దొరికినప్పుడల్లా కాలవగట్లంట బండి మీద తిరిగి, ఇంటికొచ్చి ఆ దారులు గీసేవాణ్ణి.

ఊళ్ళ పేర్ల కోసం పాత సర్వే మ్యాపు వెతికాను. ఇంగ్లీషువాళ్ళ కాలం నాటిది, అంగుళానికి మైలు లెక్కన వేసింది, విదేశంలో ఏదో లైబ్రరీవాళ్ళు నెట్‌లో పెట్టారు. దాన్ని చదవడం ఎవరూ నేర్పలేదు. పుస్తకాల్లో ఎక్కడ చూసినా కొండలు, వాటి చుట్టూ ఎత్తును చెప్పే గీతలు. మా షీటులో అలాంటి గీత ఒక్కటీ కనపడక స్కాను చెడిందనుకున్నాను. తర్వాత అర్థమైంది. గీత గీయడానికి చాలినంత ఎత్తు మా నేలకు లేదు. అక్కడక్కడా చిన్న అంకె, సముద్రం కంటే ఆ చోటు ఎన్ని అడుగుల పైన ఉందో చెప్పేది. తీరం వైపు పోయేకొద్దీ ఆ అంకెలు చిన్నవవుతూ పోయాయి. ఉప్పెన ఎంత ఎత్తున వచ్చిందో చిన్నప్పటి నుంచీ వింటున్నవాణ్ణి. ఆ అంకెలన్నీ దానికంటే చిన్నవే.

ప్రింటు తీసిన కాగితాలు అతికించి నేల మీద పరిచి చూస్తుంటే ఒక మధ్యాహ్నం నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. ఇంగ్లీషు రాదు ఆయనకు. అవనిగడ్డ దిగువనున్న కోడూరు నుంచి కిందికి పేర్లు చదవమన్నారు. నేను వేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుతూ వెళ్ళాను. ఒక పేరు దగ్గర ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"అదే," అన్నారు.

ఆ పూట ఆయన చెప్పింది ఇది. గాలివాన నాడు ఆయన ఊళ్ళో లేరు. ఎండుచేపలు అమ్ముకోవడానికి గుడివాడ వెళ్ళి, వానకు అక్కడే చిక్కుకుపోయారు. బస్సుల్లేవు. పడిన చెట్ల మీద నుంచి, నడుము లోతు నీళ్ళలోంచి నడుచుకుంటూ వెళ్ళారు. దారిలో చూసినవి చెప్పలేదు. కోడూరు దాటాక గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. గుడిసె లేదు, తాడిచెట్టు లేదు, గట్టు లేదు, అంతా బురద. ఎంత దూరం నడిచారో కూడా తెలియలేదు. చివరికి సముద్రంలోకి పోయే పాయ కనిపించింది. వాళ్ళ ఊరు ఆ పాయకు ఇవతలి ఒడ్డునే. అక్కడ ఆగి, చేతులతో, విరిగిన తెడ్డుతో బురద తవ్వి వెతికారు. ఒక్కరూ దొరకలేదు.

"కుండ పెంకు ముక్క కూడా దొరకలేదురా," అన్నారు. "అంత ఊరు, ఏమీ లేకుండా ఎట్టా పోద్ది?"

ఆ మాట నాకు పట్టుకుంది. పాత షీటును ఉపగ్రహం తీసిన ఫోటో మీద కూర్చోబెట్టాను. ఊరికే పెడితే కలవదు, పాత సర్వే కొలతల లెక్క వేరు. కాలవ లాకులు, రోడ్లు కలిసే చోట్లు, రెండింటిలోనూ మారనివి చూసుకుని వాటిని ఒకదాని మీద ఒకటి వచ్చేలా జరపాలి. జరిపాను. పాత షీటులో ఆ ప్రాంతంలో ఉన్నది ఒకే పాయ. ఫోటోలో రెండున్నాయి. కోడూరు వైపున్న పాయ ఇంగ్లీషువాళ్ళ నాడు లేదు. ఉప్పెనే కోసి ఉండాలి. ఊరి పేరు ఆ రెండింటి మధ్య పడింది.

నాన్న మొదటి పాయ దగ్గరే ఆగిపోయారు. ఎన్నడూ ఊరే లేని చోట వెతికారు.

చెప్పకూడదనుకున్నాను. కానీ ఆయన రోజూ వచ్చి తెర ముందు నిలబడేవారు. ఒకరోజు వేలు పెట్టి, "ఇది రెండోది కదా?" అన్నారు. అబద్ధం చెప్పలేకపోయాను. చూపించాను.

"అయితే వాళ్ళు అవతల ఉన్నారన్నమాట," అన్నారు. "నేను ఇవతల తవ్వుతున్నాను."

శవాలు ఎక్కడివక్కడ ఉండవని, ఎన్ని మైళ్ళో కొట్టుకుపోయాయని, ఆ మాట ఆయనకే ఎక్కువ తెలుసని అన్నాను. ఆయన తల ఊపారు. తీసుకెళ్ళమన్నారు.

వెళ్ళాం. మొదటి పాయ మీద ఇప్పుడు తూము కట్టి ఉంది. దాటితే అన్నీ రొయ్యల చెరువులే, నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు తిరుగుతూ తుంపర్లు చిమ్ముతున్నాయి. జీపీఎస్ చూపించిన చోటు ఒక చెరువు మధ్యన పడింది. గట్టు ఎక్కాలంటే, రొయ్యకు బయటి తెగులు అంటకుండా బ్లీచింగ్ నీళ్ళ తొట్టెలో కాళ్ళు ముంచి రావాలన్నాడు కాపలాదారు. ముంచాం. చెరువు తవ్వినప్పుడు ఏమన్నా బయటపడ్డాయా అని నాన్న అతన్ని అడిగారు.

"నాకు తెలవదండీ, నేను తర్వాత వచ్చాను," అన్నాడతను. "పొక్లెయిన్ పెట్టి తవ్వారంట. వచ్చిన మట్టి వచ్చినట్టు గట్లకే పోశారంట."

నాన్న కాళ్ళ కింద గట్టును చూసుకున్నారు. అప్పటిదాకా నిలబడ్డ మనిషి, నెమ్మదిగా గట్టు దిగిపోయి, తొట్టె పక్కన తడి కాళ్ళతో నిలుచున్నారు. నేను పిలిచినా మళ్ళీ ఎక్కలేదు.

తిరిగొచ్చేటప్పుడు బండి వెనక నుంచి ఆ పిల్లల పేర్లు చెప్పారు. నా అక్కల పేర్లు వినడం నాకు అదే మొదలు.

మ్యాపులో ఊరి పేరు పెట్టమన్నారు. ఇప్పుడు లేని ఊరు అనే గుర్తుతో పెట్టాను. అక్కడ నీళ్ళు తప్ప ఇళ్ళు కనపడటం లేదని ఎవరో తీసేశారు. కారణం రాసి మళ్ళీ పెట్టాను. ఈసారి ఉంచారు.

అప్పటిదాకా నాన్న ఏటా కార్తీకంలో మంగినపూడి వెళ్ళి, ఆ ముగ్గురి పేరా సముద్రంలో నీళ్ళు వదిలి వచ్చేవారు. ఆ ఏడు మంగినపూడి వద్దన్నారు. చెరువుల దగ్గరికే వెళ్ళాం. రొయ్యకు తెగులు తగిలిందని గేటుకు తాళం వేసి ఉంది, బయటివాళ్ళను రానివ్వలేదు. తూము మీద నిలబడి, చెరువు వైపు తిరిగి, సీసాలో తెచ్చుకున్న నీళ్ళు వదిలారు. మరుసటి ఏడుకు మోకాళ్ళు పట్టేసి బండి మీద అంత దూరం కూర్చోలేకపోయారు. పోనీ దగ్గర్లోనే కదా, మంగినపూడి వెళ్దామా అని అడిగాను.

"అక్కడెవరున్నారు?" అన్నారు.