కిటికీ కింద ఐవీ తీగ

సోమవారం తెల్లవారినప్పటి నుంచి ముసురు. అంగడిలోకి నీళ్ళు వస్తాయని చింతపండు మూటలు బల్లల మీదికి ఎత్తుతున్నాము. అప్పుడే ఇంటి నుంచి కబురు వచ్చింది, మా పెదనాయన పోయారని. హోసూరులో చాలామందికి ఆయన అంగడి గుర్తుంటుంది. నాకు ఆయన ఇంటి పెరటి వైపు గోడ గుర్తుంది.

ఇంటికి ఉత్తరం వైపు ఆ గోడకు ఎండ తగలదు. మల్లె పెట్టారు, బీర పెట్టారు, ఏదీ బతకలేదు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది బెంగళూరు నుంచి ఐవీ తీగ ముక్క ఒకటి తడిగుడ్డలో చుట్టి తెచ్చారు. అది గోడను వేళ్ళతో పట్టుకుని నాలుగైదేళ్ళలో పైదాకా కమ్ముకుంది. తేనెటీగలు వచ్చాయి, తొండలు వచ్చాయి. "ఎండ రాని చోట గూడా ఏదో ఒకటి బతకాల కదప్పా" అనేవారు.

ఆయన కూతురు పురిటికి వచ్చిన ఏడాది, ఆమె గది కిటికీ పక్కన ఆ ఆకుల్లోనే పికిలిపిట్ట గూడు కట్టింది. బిడ్డ పుట్టిన వారానికి మా పెద్దమ్మ తీగలో ఏదో కదలడం చూసింది.

"తోక చూసినాను. పాము ఉండాది. కొట్టేయండి దాన్ని."

"తొండ అయ్యుంటుంది లేవే. పిట్టపిల్లలకి ఇంకా రెక్కలు రాలే."

"మీకు కూతురు ఎక్కువా, పిట్ట ఎక్కువా?"

"ఈడ ఒక బాలింత, ఆడ ఒక బాలింత. ఎవర్ని పొమ్మనేది?"

అన్నారే గానీ ఆ పూటే కిటికీ మూయించారు. అంగడిలోని ఇంగువ నీళ్ళలో కలిపి గోడ మొదట్లో చల్లారు. "పాము పోతాదో లేదో, వీధిలో వాళ్ళంతా రసం పొయ్యమని వస్తారు" అంది పెద్దమ్మ. ఆయన అంగడి నాకు అప్పగించి, కిటికీ కింద కుర్చీ వేసుకుని కర్ర పట్టుకుని కూర్చున్నారు. ఆకు కదిలితే లేచేవారు. లోపల బిడ్డ ఏడ్చినా లేచేవారు.

పిట్టపిల్లలు ఎగిరిన పొద్దునే కొడవలితో కిటికీ చుట్టూ తీగ కోశారు. నేను ఆకులు ఎత్తుతుంటే, గూటికి జానెడు కింద కుబుసం దొరికింది. పొడుగ్గా ఉంది, ఇంకా మెత్తగా ఉంది. ఆయన దాన్ని చూసి ఆకుల కింద కప్పేశారు.

"మీ పెద్దమ్మకి చెప్పొద్దప్పా."

చెప్పలేదు. ఆమె నిరుడు పోయింది గనుక ఇప్పుడు రాస్తున్నాను. మిగిలిన తీగను ఆయన కొట్టలేదు, కుర్చీనీ తీయలేదు. మనవడు వచ్చినప్పుడల్లా కర్రతో అక్కడే కూర్చునేవారు.

కూతురు బిడ్డను ఎత్తుకుని మూడో నెలలో ఊత్తంగరైలోని అత్తగారింటికి వెళ్ళింది. పాము ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ చూడలేదు. పెదనాయన సోమవారం పొద్దున, అంగడి తెరిచే వేళకు పోయారు.