అమ్మ విన్న స్త్రీవైద్యం

నా పరిశోధన పాత తెలుగు వైద్య పద్యాల మీద. ఒక తాళపత్ర గ్రంథంలోని స్త్రీవైద్యం ప్రకరణాన్ని సాపు రాసుకుందామని సెలవుల్లో మా ఊరు ప్రత్తిపాడు వెళ్లాను. అమ్మ అప్పటికి చాలా నెలలుగా అధిక రక్తస్రావంతో బాధపడుతోంది. మిరపకోతకు వెళ్లి మధ్యలోనే కూలబడిపోయేది. డాక్టరు మాటెత్తితే, "ఆ సంగతులు ఎవరికి చెప్పుకుంటామే?" అని కసిరేది.

ఒక మధ్యాహ్నం నేను పద్యాలు పైకి చదువుతుంటే, అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ వింటోంది. నెలసరి ఎక్కువైతే వచ్చే నీరసం, నడుము నొప్పి, వాటికి మందు, చివరికి దంపతుల సుఖం గురించి కూడా కవి దాపరికం లేకుండా చెప్పాడు. అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఇవన్నీ వందల ఏళ్ల కిందటే రాశారా? అదీ పద్యాల్లో?"

"అవునమ్మా. జ్వరం ఎలాగో ఇదీ అలాంటి జబ్బేనన్నట్టు రాశారు."

"మరి నేనెందుకే నోరు మూసుకుని చస్తున్నా? రేపే పద, డాక్టరమ్మ దగ్గరికి!"

మర్నాడు టౌనులో, బ్రాడీపేట క్లినిక్‌లో నేను నోరు తెరిచేలోపే అమ్మ అన్నీ తనే చెప్పేసింది. ఆమె గొంతు అంత ధీమాగా పలకడం నేనెప్పుడూ వినలేదు. గర్భసంచిలో గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు.

మరుసటి ఏడు కోతల్లో అమ్మ అందరికంటే ముందు సాలులో ఉంది. వెనక ఒకామె పొత్తికడుపు పట్టుకుని కూర్చుండిపోతే, చేనంతా వినపడేలా అరిచింది.

"సిగ్గేంటే? లే, నేను తీసుకెళ్తా!"

గట్టు మీది మగవాళ్లు తలలు తిప్పుకున్నారు. అమ్మ వాళ్ల ముందు నుంచే ఆమెను చెయ్యి పట్టుకుని ఆటో దగ్గరికి నడిపించింది.