నాన్న దిద్దిన సిద్ధాంతం

ఆ రోజుల్లో ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో కొందరి నాన్నలకు పేకాట పిచ్చి, కొందరికి ఫుట్‌బాల్ పిచ్చి. మా నాన్నకు శాస్త్రగ్రంథాల పిచ్చి. పగలు వర్క్‌షాపులో గుమస్తా పని, ఇంటికొచ్చాక తర్కం, మీమాంస. ఏ శాస్త్రంలోనైనా ముందు పూర్వపక్షం చెప్పాలట, అంటే ఎదుటివాడి వాదం, వాడికంటే బాగా. ఆ తర్వాతే దాన్ని ఖండించి మన సిద్ధాంతం నిలబెట్టాలట. ఎంత పెద్దమనిషి తరహా పద్ధతో ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పట్లో మా ఇంట్లో సినిమాకి వెళ్లాలన్నా ఇదే తతంగం. (అమ్మ మాత్రం ఏ పక్షమూ చెప్పకుండా చీర మార్చుకుని బయల్దేరేది.)

అలాంటి ఇంట్లో నేను, మా ఊళ్లోనే ఇందా పేటలో ఉండే బెంగాలీ అబ్బాయిని చేసుకుంటానని చెప్పాలి. ఎదురుగా చెప్పే ధైర్యం లేక, నాన్న పద్ధతిలోనే ఒక చిన్న గ్రంథం రాసి ఆయన చేతిలో పెట్టాను. ఆవనూనె వంటలు, శ్రీకాకుళం చుట్టాల మూతివిరుపులు, అన్నీ పూర్వపక్షంలో వరసగా పేర్చాను. చివర, ‘కష్టమొస్తే మనిషి తన భాషలోనే ఏడుస్తాడు, ఆ ఇంట్లో నీ ఏడుపు ఎవరికి అర్థమవుతుంది?’ అని కూడా రాసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. నా సిద్ధాంతం మాత్రం నాలుగు ముక్కల్లో ముగించాను.

నాన్న చదివి కళ్లజోడు తీశారు. “ఇంత బాగా నేను కూడా సెప్పలేనే. నీ పూర్వపక్షమే రైటు. ఈ సంబంధం ఒద్దు.”

నా గొయ్యి నేనే తవ్వుకున్నానన్నమాట. ఆ పూట అన్నం ముట్టకుండా ఏడ్చాను (తెలుగులోనే).

కానీ నాన్నకూ అన్నం సహించలేదు. పెళ్లి గురించి కాదు, నా సిద్ధాంతం మరీ నీరసంగా ఉందట, అలా వదిలేస్తే శాస్త్రానికే అప్రదిష్టట. దిద్దడానికి కూర్చున్నారు. ‘ప్రేమ గొప్పది’ అన్న నా వాక్యాన్ని జాలి లేకుండా కొట్టేశారు. టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా, రోజూ తన వాదాన్ని తనే ఒక్కొక్కటిగా పడగొట్టుకుంటూ పోయారు. ఆదివారం నన్ను పిలిచి, కాగితాలు పక్కన పెట్టి చెప్పారు.

“మీ నాయనమ్మ పోయినప్పుడు పాడె మోసినోళ్లలో ఇద్దరు బెంగాలీలు. నేను ఏ భాషలో ఏడ్సినానో ఆళ్లు అడగలేదు. దీనికి నా దగ్గర జవాబు లేదే అమ్మా. ఓడిపోనాను. ఆ కుర్రోడిని రమ్మను.”

తనను తాను ఓడించుకోవడానికి అంత కష్టపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు. నాన్న పోయినప్పుడు పాడె మోసినవాళ్లలో మా ఆయనా ఉన్నాడు. ఏ భాషలో ఏడ్చాడో నేనూ అడగలేదు. ఇప్పటికీ మా ఇద్దరికీ మాటామాటా వస్తే, ముందు ఆయన వాదం నేనే చెబుతాను, ఆయనకంటే బాగా. సిద్ధాంతం దిద్దిపెట్టడానికి నాన్న లేరు కనక, ప్రతిసారీ నేనే ఓడిపోతుంటాను.