చెవక్క ఎంచిన రెగ్యులేటర్

రేవులో ఆమెను అందరూ చెవక్క అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ, ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో ముగ్గురు డైవర్లు: భర్త, మరిది, కొత్తగా కూతురు. ఓడల అడుగున పేరుకున్న నాచు గీకడం, ఓడను నడిపే పంకాలకు చుట్టుకున్న తాళ్లు కోయడం, లంగరు గొలుసులు తడిమి చూసి రావడం వాళ్ల పని. నీళ్లలో వాళ్ల నోటికి గాలి అందించే రెగ్యులేటర్లు మాత్రం చెవక్క చేతుల్లోంచే బయటికి వెళ్లాలి. ఆమె ఒక్కోదాన్నీ సిలిండర్‌కు బిగించి, గాలి తెరిచి, కుడిచెవికి ఆనించుకుని వింటుంది. సన్నగా బుస వినిపిస్తే అది ఆ రోజు గడప దాటదు.

ఒకప్పుడు ఆమె కూడా దిగిన మనిషే. పదిహేనేళ్ల కిందట జలుబుతో దిగి ఎడమ కర్ణభేరి పగలగొట్టుకుంది. అప్పటినుంచి గట్టు మీదే ఉండి, దిగినవాళ్ల నడుముకు కట్టిన తాడు పట్టుకుంటోంది. మిగిలిన చెవిని కంటికి రెప్పలా చూసుకుంటుంది. తలస్నానం చేసినా అందులో దూది పెట్టుకోవలసిందే.

ఆ ఏడాది పాత రెగ్యులేటర్లకు కాలం చెల్లింది. వాటిని తయారుచేసే కంపెనీ లోపలి రబ్బరు రింగులు, స్ప్రింగులు పంపడం మానేసింది. ఉన్న సామానుతో అతుకులేసి ఇంకో ఏడాది నెట్టుకొచ్చేవాళ్లే. కానీ వచ్చే సోమవారం కూతురు మొదటిసారి పెద్ద ఓడ కిందికి దిగబోతోంది. మామూలు నీళ్లలో ఏదైనా తేడా వస్తే నేరుగా పైకి వచ్చేయొచ్చు. ఓడ కింద నెత్తిన ఇనుము ఉంటుంది. పక్కకు ఈది, అంచు దాటి, అప్పుడు పైకి రావాలి. అంతసేపూ గాలి అందాలి.

మంగళవారం మరిది డైవింగ్ సామాను అమ్మే కొట్టునుంచి కొత్తరకం రెగ్యులేటర్ ఉన్న పెట్టె పట్టుకొచ్చాడు.

"చూడు వదినా, ఎంత తేలిగ్గా ఉందో. పీలిస్తే అసలు నోట్లో ఏదో ఉన్నట్టే ఉండదు."

చెవక్క పెట్టె వైపు చూడలేదు. అతని మణికట్టు వైపు చూసింది. అక్కడ మెరుస్తున్న డైవింగ్ గడియారం ఉంది. పోయిన వారం లేదు.

"అదెక్కడిది?"

"ఏది? ఇదా? దొరికింది."

"కొట్టువాడి దగ్గర దొరికిందా?"

"అబ్బ! నీ అనుమానం పాడుగాను. పీల్చి చూడు ముందు."

వెనకగదిలో పరీక్ష మొదలైంది. చెవక్క కిటికీ మూయించింది, ఫ్యాను ఆపించింది. వంటింట్లో ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకమంది. భర్త గుమ్మంలో నిలబడి, "నన్ను కూడా ఊపిరి ఆపమంటావా?" అన్నాడు.

"కాసేపు ఆపితే మంచిదే," అంది ఆమె. రెగ్యులేటర్ చెవికి ఆనించి కళ్లు మూసుకుంది. కాసేపటికి తల అడ్డంగా ఊపింది. "బుస. తీసుకుపో."

"నాకేం వినపడలేదే!" అన్నాడు మరిది.

"నీకు మధ్యాహ్నం భోజనానికి పిలిచినా వినపడదు. కొట్టువాడికి ఎవరో తిరిగిచ్చిన సరుకు నీ చేతిలో పెట్టాడు. గడియారం కట్టి మరీ పెట్టాడు."

మరిది మొహం మాడ్చుకుని పెట్టె సర్దుకున్నాడు. కూతురు ఒక్కర్తే, "బక్కెట్లో ముంచి చూద్దామమ్మా," అంది. ముంచారు. ఒక్క బుడగ రాలేదు. "బక్కెట్ పెద్ద లీకులే చూపిస్తుంది. చిన్నవి చెవికే తెలుస్తాయి," అని చెవక్క నీళ్లు పారబోసింది.

మర్నాడు ఆమె మెకానిక్ దగ్గరకు వెళ్లింది. రేవులో ఏ రెగ్యులేటర్ విప్పాలన్నా అతని బల్ల మీదే. ఆమె అతన్ని సలహా అడగలేదు. వంగి, బల్ల కిందున్న చెత్తడబ్బా బయటికి లాగింది. పాడైపోయిన విడిభాగాలన్నీ అతను అందులోనే పడేస్తాడు. ఎవరు ఏం చెప్పినా చెత్త అబద్ధం చెప్పదని ఆమె నమ్మకం. డబ్బా నిండా ఒకే మోడల్ ముక్కలు. రేవులో సగంమంది వాడే నల్లటి, ముద్దగా ఉండే రెగ్యులేటర్‌వి.

"ఇదేనా నువ్వందరికీ కొనమని చెప్పేది?"

"ఇదేనక్కా," అన్నాడు మెకానిక్, తల ఎత్తకుండా.

"డబ్బా అంతా దీని శవాలే కదయ్యా."

"అందరూ వాడతారు కాబట్టి అందరివీ నా దగ్గరకొస్తాయి. మీ మరిది తెచ్చిన రకం ఈ రేవు మొత్తంలో నాలుగే ఉన్నాయి. అవి పాడైతే నా దగ్గరకు రావు. నా దగ్గర సామాను ఉండదని వాళ్లకు తెలుసు. మంచం కింద తోసేస్తారు."

"అంటే ఇది పాడవుతుందని ఒప్పుకున్నావు."

"పాడవనిది ఏదుందక్కా? పాడైతే విప్పే చెయ్యి ఉందా లేదా అని చూసుకోవాలి. ఇంకో మాట. ఇది చెడిపోతే సాధారణంగా గాలి ఆగిపోదు, వద్దన్నా వస్తూనే ఉంటుంది. ఆ గాలితో మనిషి పైకి రావచ్చు."

"నీ పొట్ట నిండే మాటే చెప్పావు," అంది చెవక్క.

అయినా ఒకటి పరీక్షకు ఇమ్మంది. అతను కొత్తది తీసి, గొట్టానికి గాలి ఒత్తిడి చూపించే మీటరు తగిలించి ఇచ్చాడు. గాలి తెరిచాక పది నిమిషాలపాటు ముల్లు కదలకపోతే లోపల ఏ లోపమూ లేనట్టు. ఇంట్లో ముల్లు కదల్లేదు. చెవక్కకు మాత్రం బుస వినిపించింది. గురువారం ఇంకోటి తెచ్చింది. అందులోనూ అదే.

"ముల్లు నిలబడే ఉంది కదే," అన్నాడు భర్త.

"ఇరుక్కుపోయిన ముల్లు కూడా నిలబడే ఉంటుంది. నా చెవిని నమ్మనా, వాడి ముల్లును నమ్మనా? లోకమంతా కలిసి మనకు పాత సరుకే అంటగట్టాలని చూస్తోంది."

"గ్యాసు కంపెనీ కూడా కలిసిందా? ఈ రెండు నెలల్లో పొయ్యి పైపు రెండుసార్లు మార్పించావు. లీకు లేదు మొర్రో అంటే వినవు. ఆ గ్యాసాయన మనతో వియ్యం అందుకునేలా ఉన్నాడు."

ఆ గ్యాసాయన మీద కూడా చెవక్కకు నమ్మకం లేదు.

శనివారం మధ్యాహ్నం మగవాళ్లిద్దరూ పడవ ఇంజను పని మీద వెళ్లారు. ఇంకా రెగ్యులేటర్ కుదరలేదు. మెకానిక్ ఇచ్చిన రెండోదాన్ని ఆఖరిసారి విని తిప్పి పంపేద్దామని చెవక్క కూతుర్ని వెనకగదిలోకి పిలిచింది. కిటికీ మూశారు. ఫ్యాను ఆపారు. కూతురు రెగ్యులేటర్‌ను సిలిండర్‌కు బిగిస్తోంది. చెవక్క నోటిభాగాన్ని చెవికి ఆనించుకుంది.

"అదిగో బుస. మూసెయ్."

కూతురి చెయ్యి కదల్లేదు.

"మూసెయ్యమన్నానా?"

"అమ్మా, నేనింకా తెరవలేదు."

చెవక్క కళ్లు తెరిచింది. మీటరులో ముల్లు సున్నా దగ్గర ఉంది. ముందుగా ఆమెకు కూతురి మీదే అనుమానం వచ్చింది.

"నాతో వేళాకోళమా?"

"ఒట్టు. నువ్వే చూసుకో."

ఆమె సిలిండర్ పిడి తిప్పి చూసింది. గట్టిగా బిగిసే ఉంది. మర విప్పి, రెగ్యులేటర్‌ను సిలిండర్ నుంచి వేరుచేసి, మళ్లీ చెవికి పెట్టుకుంది. బుస. దాన్ని బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. ఉత్త చెవిలో అదే బుస, అంతే సన్నగా.

ఆమె స్టూలు మీద కూర్చుంది. రోజూ పాతవాటిని విన్నప్పుడు రేవు క్రేన్ల మోతలో ఎప్పుడూ తెలియలేదు. ఇంట్లో కాస్త సద్దుమణిగినప్పుడల్లా వినిపించింది. అప్పుడు గ్యాసు పైపును అనుమానించింది. ఫ్రిజ్‌ను, స్నానాలగది కుళాయిని, కొట్టువాణ్ని, మరిదిని, మెకానిక్‌ను అనుమానించింది. లేని బుస విన్నందుకు మహా అయితే నలుగురు నొచ్చుకుంటారు. నిజంగా ఉన్న బుస ఏదైనా ఇందులో కలిసిపోతే? ఈ రెండు నెలల్లో తను పంపినవాటిలో అలాంటిది ఒక్కటైనా ఉందా?

"మీ నాన్నకి చెప్పకు," అంది.

కూతురు కిటికీ తెరిచింది. "సోమవారం దిగేది నేనమ్మా. చెప్పాలి."

చెవక్క కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది. అక్కడ ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని వెతికింది. కనబడలేదు.

సాయంత్రం టీ దగ్గర తనే చెప్పింది, గ్లాసు వైపు చూస్తూ, రెండే వాక్యాల్లో. భర్త ఏదో హాస్యమాడబోయి ఊరుకున్నాడు. "డాక్టరుకు చూపిద్దాం," అన్నాడు.

"చూద్దాం. వాళ్లేం చెప్తారో నాకు తెలుసు." తర్వాత మరిది వైపు తిరిగింది. "నీ రెగ్యులేటర్ మంచిదే అయ్యుంటుంది. మరి ఆ గడియారం?"

"ఓడ కింద బురదలో దొరికింది వదినా. చూడు." చెయ్యి చాచాడు. ముళ్లు నాలుగుంపావు దగ్గర ఉన్నాయి. "ఎప్పుడు చూసినా నాలుగుంపావే. బాగుందని కట్టుకున్నా."

ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకోబోయి ఆగింది. చెయ్యి వదిలేసింది.

"అయితే బాబాయ్ తెచ్చిందే తీసుకుందామా?" అంది కూతురు.

"వద్దు. దాన్ని విప్పే చెయ్యి ఈ రేవులో లేదు. ఇన్నాళ్లూ మనింట్లో అన్నీ నేనే విన్నాను కదా అని ఊరుకున్నారు. ఇప్పుడు నేను కాక ఇంకో నలుగురు చూడగలిగింది కావాలి. మెకానిక్ ఇచ్చిన ఆ ముద్దదే. మూడూ ఒకటే రకం. ఒకదాని రింగు పోతే పక్కవాణ్ని అడిగినా దొరుకుతుంది."

ఆదివారం మెకానిక్ బల్ల చుట్టూ నలుగురూ నిలబడ్డారు. మూడు రెగ్యులేటర్లనూ తన కళ్లముందే విప్పమంది చెవక్క. విప్పినవాటిని కూతురి చేత బిగించమంది. మెకానిక్ విసుక్కోలేదు. "అక్కా, ఈ బుద్ధి రేవులో అందరికీ ఉంటే నాకు నిద్ర పట్టేది," అన్నాడు. మీటరు తగిలించి పది నిమిషాలు కాదు, అరగంట చూశారు. ముల్లు ఎక్కడిదక్కడే ఉంది. చెవక్క గాజు మీద వేలితో రెండుసార్లు కొట్టి చూసింది. తర్వాత ఇంకో మీటరు తగిలించమంది.

సోమవారం పొద్దున ఓడ పక్కన నీళ్లు నల్లగా, నూనె తెట్టుతో ఉన్నాయి. తండ్రి ముందే దిగి ఓడ అంచు దగ్గర ఎదురుచూస్తున్నాడు. కూతురు మెట్టు మీద కూర్చుని గాలి తెరిచింది. నోటిభాగం తీసి తన చెవికి ఆనించుకుంది.

"ఏం వినిపిస్తోంది?" అంది చెవక్క.

"ఏం లేదు."

"సరిగ్గా విను."

కూతురు కళ్లు మూసుకుని విన్నది. "ఏం లేదమ్మా."

చెవక్క మీటరు చూసింది. కూతురి మొహం చూసింది. మళ్లీ మీటరు చూసింది. అప్పుడు కూతురి నడుముకు కట్టిన తాడు ముడిని లాగి చూసి, చుట్ట విప్పింది.

కూతురు నీళ్లలోకి జారింది. బుడగలు ఓడ అంచు దాకా వెళ్లి, ఇనుము కిందికి పోయి, కనబడకుండా పోయాయి. తాడు ఆమె వేళ్లలోంచి మూర తర్వాత మూరగా జారుతోంది. కింద అంతా బాగుంటే నిమిషానికోసారి ఒక్క లాగు రావాలి. వచ్చింది. ఓడ కుదుపు కూడా తాడును అలాగే లాగగలదని తోచి, చెవక్క తిరిగి ఒకసారి లాగింది. కిందినుంచి వెంటనే, చిరాగ్గా, ఇంకో లాగు వచ్చింది.

ఓడ కుదుపుకు చిరాకు రాదు. ఆమె ఇంకో మూర వదిలింది.